కుక్క కాటుకి చెప్పుదెబ్బ: అమెరికాలో కుక్కల శిక్షణ కథ

ఈ వారం కుక్కల గురించి మాట్లాడతానని చెప్పగానే స్టూడియోలో ఒకరిద్దరు నవ్వారు. మన భాషలో కుక్కకి దక్కిన మర్యాద అంతంతమాత్రమే మరి. "కుక్క తోక వంకర" అంటాం, "కుక్క కాటుకి చెప్పుదెబ్బ" అంటాం. ఎవరినైనా తిట్టాలంటే ముందు నోటికొచ్చేది దాని పేరే. అలాంటి మన ఇళ్ళల్లోనే, అమెరికాలో పిల్లలకి ఎనిమిదో ఏడు రాగానే, "నాన్నా, కుక్కపిల్ల కావాలి" అన్న పోరు మొదలవుతుంది. రెండేళ్ళు వాయిదా వేసి, మూడో ఏట లొంగిపోయిన తండ్రులు నాకు చాలామంది తెలుసు.

మన భయం ఊరికే పుట్టింది కాదు. నా వయసువాళ్ళకి పిచ్చికుక్క కరవడం అంటే బొడ్డు చుట్టూ పధ్నాలుగు ఇంజక్షన్లు. కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే బ్రిటిష్ డాక్టరు వందేళ్ళ క్రితం రూపొందించిన మందు అది. గొర్రె మెదడు నుంచి తీసేవారు. మన దేశంలో 2000ల మధ్యదాకా దాన్ని వాడారు. అమెరికాలో, కుక్క నుంచి కుక్కకి పాకే రేబీస్ రకం పూర్తిగా పోయిందని ఇక్కడి సి.డి.సి. సంస్థ 2007లో ప్రకటించింది. అయితే గబ్బిలాల్లో, రకూన్లలో, స్కంకుల్లో రేబీస్ ఇంకా ఉంది. అంచేత కుక్కకి టీకా వేయించడం మాత్రం మానకూడదు.

సరే, కుక్కపిల్ల ఇంటికొచ్చింది. పక్కింటాయన, ఆఫీసులో స్నేహితుడు, టీవీలో పెద్దమనిషి అందరూ ఒకటే మాట చెబుతారు: "యజమాని ఎవరో దానికి తెలిసేట్టు చెయ్యండి, లేకపోతే నెత్తికెక్కుతుంది." ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళితే తమాషా చరిత్ర ఒకటి బయటపడింది. ఇవాళ చెప్పబోయేది అదే.

మొదట్లో కుక్కల చదువంతా పోలీసులదీ, సైన్యానిదీ. జర్మనీలో కోన్రాడ్ మోస్ట్ అనే పోలీసు అధికారి 1910లో ఒక పుస్తకం రాశాడు. బలవంతం అందులో పెద్ద సాధనం. అమెరికాలో మామూలు మనుషులు కుక్కకి చదువు చెప్పించడం అనే ఆలోచనకి పునాది వేసిన వాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఒకరు డొరొతీ యూస్టిస్. స్విట్జర్లాండులో జర్మన్ షెపర్డ్ కుక్కల్ని పెంచేది. జర్మనీలో యుద్ధంలో చూపు పోయిన సైనికులకి కుక్కలు దారి చూపిస్తున్నాయని 1927లో ఒక అమెరికన్ పత్రికలో వ్యాసం రాసింది. దాన్ని టెనెసీలో మోరిస్ ఫ్రాంక్ అనే అంధ యువకుడికి చదివి వినిపించారు. అతను 1928లో స్విట్జర్లాండు వెళ్ళి, బడ్డీ అనే కుక్కతో తిరిగొచ్చాడు. న్యూయార్కులో ఓడ దిగాక, విలేఖరులు చూస్తుండగా, బండ్లతో కిటకిటలాడే వెస్ట్ స్ట్రీట్‌ని ఆ కుక్క సాయంతో దాటాడు. మరుసటి ఏడు ఇద్దరూ కలిసి "సీయింగ్ ఐ" సంస్థ పెట్టారు. న్యూజెర్సీలో ఉండే మనవాళ్ళకి మోరిస్‌టౌన్ వీధుల్లో దాని కుక్కలు కనిపించే ఉంటాయి. ఈ కుక్కలకి నేర్పే పాఠాల్లో నాకు బాగా నచ్చింది, మాట వినకపోవడం. యజమాని "పద" అన్నా, ఎదురుగా కారు వస్తుంటే కుక్క కదలకూడదు. దెబ్బకి భయపడి చెప్పింది చేసే కుక్కయితే ఈ పనికి పనికిరాదు.

రెండో ఆవిడ హెలెన్ వాకర్, పూడుల్ కుక్కలు పెంచేది. 1933లో న్యూయార్కు రాష్ట్రంలో మౌంట్ కిస్కో దగ్గర, పిలిస్తే రావడం, కూర్చోమంటే కూర్చోవడం లాంటి వాటికి పోటీ పెట్టింది. 1936కల్లా అమెరికన్ కెన్నెల్ క్లబ్ దానికి నియమావళి రాసింది. ఆ తర్వాతి ఏడు ఆవిడా, బ్లాంచ్ సాండర్స్ అనే మరొకావిడా కారుకి ట్రెయిలర్ తగిలించుకుని, పూడుల్స్‌ని వెంటేసుకుని, దేశమంతా తిరిగి ప్రదర్శనలిచ్చారు.

1942లో యుద్ధం కోసం జనం తమ పెంపుడు కుక్కల్ని సైన్యానికిచ్చారు. యుద్ధం అయ్యాక, వాటికి శిక్షణ ఇచ్చినవాళ్ళు ఊళ్ళల్లో తరగతులు పెట్టారు. వాళ్ళతోపాటే మెడకి బిగుసుకునే గొలుసూ ఇళ్ళల్లోకి వచ్చింది. విలియం కోలర్ కూడా సైన్యంలో కుక్కలకి నేర్పినవాడే, తర్వాత డిస్నీ సినిమాలకి జంతువుల్ని తయారు చేశాడు. 1962లో ఆయన రాసిన పుస్తకం బాగా అమ్ముడుపోయింది. దొడ్లో గుంటలు తవ్వే కుక్కకి ఏం చెయ్యాలంటే, అది తవ్విన గుంటలోనే నీళ్ళు నింపి తల ముంచమన్నాడు. చెప్పుదెబ్బ మనకొక్కళ్ళకే పేటెంటు కాదన్నమాట!

ఈ కొట్టుడుకి శాస్త్రం అనే చొక్కా తొడిగింది మాత్రం తోడేళ్ళ కథ. రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన స్విట్జర్లాండులో బాసెల్ జూలో తోడేళ్ళని గమనించి 1947లో ఒక వ్యాసం ప్రచురించాడు. చిన్న ఆవరణలో ఉంచిన తోడేళ్ళు పెత్తనం కోసం కొట్టుకుంటున్నాయి, గెలిచినది "ఆల్ఫా". రైలు జనరల్ బోగీలో తోపులాట చూసి తెలుగు కుటుంబం ఇలా ఉంటుందని రాయడం లాంటిది ఇది. డేవిడ్ మెక్ అనే అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు 1970లో తోడేళ్ళ మీద పెద్ద పుస్తకం రాస్తూ ఈ మాటని వాడాడు, అది జనంలోకి పాకింది. న్యూ స్కీట్ అనే క్రైస్తవ మఠంలోని సన్యాసులు 1978లో కుక్కల పెంపకం మీద రాసిన పుస్తకంలో, ఎదురుతిరిగిన కుక్కని వెల్లకిలా పడేసి నొక్కిపెట్టమన్నారు. 2004 నుంచి 2012 దాకా టీవీలో వచ్చిన "డాగ్ విస్పరర్" కార్యక్రమం "నాయకుడు నువ్వే" అనే మాటని ఇంటింటికీ చేర్చింది.

తర్వాత మెక్ ఏం చేశాడో చూడండి. 1986 నుంచి ఎన్నో వేసవులు కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్ళ పక్కనే గడిపాడు. అక్కడ పెత్తనం కోసం కొట్లాటలు కనిపించలేదు. గుంపు అంటే అమ్మా, నాన్నా, రెండు మూడు ఈతల పిల్లలూ. పిల్లలు పెద్దవయ్యాక వేరు కాపురం. సర్దార్ అనుకున్నది నిజానికి నాన్న! 1999లో ఈ సంగతి రాసి, "ఆల్ఫా" అనే మాట వాడడం మానెయ్యమన్నాడు. తన పాత పుస్తకం అచ్చు ఆపమని ప్రచురణకర్తల్ని ఏళ్ళ తరబడి అడిగాడు, చివరికి 2022లో ఆగింది. ఆ సన్యాసులు కూడా 2002లో తమ పుస్తకాన్ని సవరించి, వెల్లకిలా పడేసే పద్ధతి తీసేశారు. పాపం, మాట చెప్పినవాళ్ళు వెనక్కి తీసుకున్నా, విన్నవాళ్ళు ఇంకా వదల్లేదు.

అసలు తోడేలును చూసి కుక్కని అర్థం చేసుకోవాలా? మసాచుసెట్స్‌లో రేమండ్ కాపింజర్ అనే జీవశాస్త్రజ్ఞుడు, భార్య లోర్నాతో కలిసి 2001లో ఒక పుస్తకం రాశాడు. కుక్క అంటే ముందు గుర్తు రావలసింది ఊరి చెత్తకుప్పల దగ్గర బతికే ఊరకుక్కే అన్నాడు. మనకిది కొత్త సంగతా? ఏ ఇంటి అరుగు మీద అన్నం ముద్ద దొరుకుతుందో, ఏ ఇంటి ముందు రాయి పడుతుందో మన వీధికుక్కకి తెలియదూ? దానికి పాఠం చెప్పింది ముద్దా, రాయీ మాత్రమే.

ఆ ముద్ద మీద పనిచేసిన శాస్త్రవేత్తలు కూడా అమెరికాలోనే ఉన్నారు. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ 1951లో "సైంటిఫిక్ అమెరికన్"లో రాసిన వ్యాసంలో, మన తిరునాళ్ళలో అమ్మే రేకు బొమ్మలాంటిదే, నొక్కితే టిక్కుమనేది వాడి కుక్కకి ఎలా నేర్పాలో చెప్పాడు. సరైన పని చేసిన ఆ క్షణంలోనే టిక్కు, వెంటనే తినడానికో ముక్క. ఆయన శిష్యులు కెల్లర్, మరియన్ బ్రేలాండ్ దంపతులు ఇదే పద్ధతిలో రకరకాల జంతువులకి నేర్పి, అదే వృత్తి చేసుకున్నారు. హవాయిలో డాల్ఫిన్లకి నేర్పిన కేరన్ ప్రయర్ 1984లో రాసిన పుస్తకంతో ఈ పద్ధతి మామూలు ఇళ్ళకి చేరింది. డాల్ఫిన్‌కి గొలుసు వెయ్యలేం కదా! కొడితే ఈదుకుంటూ పోతుంది. పశువైద్యుల్లో జంతు ప్రవర్తన చదివినవాళ్ళ సంఘం ఒకటుంది. ఆ సంఘం 2008లో ఆల్ఫా సిద్ధాంతం పనికిరాదని చెప్పింది, 2021లో అన్ని రకాల శిక్షణకీ బహుమతి పద్ధతే వాడమంది.

ఇదంతా పుస్తకాల గొడవ అనుకోకండి. మా ఊళ్ళో ఒక తెలుగు కుటుంబం కుక్కని తెచ్చుకున్నారు. పిల్ల గిన్నె దగ్గరికి వెళితే గుర్రుమనేది. నేర్పడానికి వచ్చినాయన, గుర్రుమన్నప్పుడల్లా కింద పడేసి నొక్కమన్నాడు. నెల తిరక్కుండా గుర్రుమనడం మానేసింది, అందరూ సంతోషించారు. ఒకరోజు ఏ హెచ్చరికా లేకుండా పిల్ల చెయ్యి కరిచింది. గుర్రుమనడం అంటే కుక్క "నాకు భయంగా ఉంది, దూరంగా ఉండు" అని చెప్పడం. వాళ్ళు భయాన్ని వదిలేసి, చెప్పడం మాన్పించారు. పిల్లకి కుట్లు పడ్డాయి, కుక్క షెల్టర్‌కి వెళ్ళింది. గిన్నె దగ్గర గుర్రుమంటే చెయ్యవలసింది వేరు. పిల్లని దూరంగా ఉంచి, పెద్దవాళ్ళు ఆ పక్కగా వెళుతూ ఇంకా మంచి ముక్క విసిరి వెళ్ళాలి. మనిషి వస్తే తిండి పోదు, పెరుగుతుంది అని దానికి తెలియాలి. తిండి తినేటప్పుడూ, నిద్రపోయేటప్పుడూ పసివాళ్ళని దాని దగ్గరికి పోనివ్వకండి.

కుక్కపిల్ల మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఏం చూస్తే వాటికి అలవాటు పడుతుంది. మేయిన్ రాష్ట్రంలో బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ ఏళ్ళ తరబడి పరిశోధించి 1965లో పుస్తకంగా వేసిన సంగతి ఇది. చీర కట్టుకున్న అమ్మమ్మనీ, చేతికర్రతో నడిచే తాతగారినీ, కుక్కర్ కూతనీ, పూజగంటనీ ఆ రోజుల్లోనే పరిచయం చెయ్యండి, బలవంతం లేకుండా. టీకాలన్నీ పూర్తయ్యేదాకా బయటికి తియ్యకూడదని కొందరు ఆగిపోతారు. ఇందాక చెప్పిన సంఘమే, మొదటి టీకా వేసిన వారానికి కుక్కపిల్లల తరగతికి పంపవచ్చంటుంది. మూడేళ్ళలోపు కుక్కలు చనిపోయేది రోగాలకన్నా ప్రవర్తన సమస్యల వల్లేనని కూడా చెప్పింది. అంటే, ఎవరూ ఉంచుకోలేక ఇంజక్షన్ ఇప్పించడం.

మన ఇళ్ళల్లో ఇంకో చిక్కు. నాన్న "కమ్" అంటాడు, అమ్మ "రా" అంటుంది, నాయనమ్మ "దా దా" అంటుంది. కుక్కకి మూడూ మూడు వేరు మాటలు. తెలుగైనా ఇంగ్లీషైనా ఒక మాట ఖాయం చేసుకోండి. పిలవగానే వచ్చిన కుక్కని, అంతకు ముందు చెప్పు కొరికిందని తిట్టకండి. వచ్చినందుకే తిట్లు పడ్డాయనుకుంటుంది.

మర్చిపోయాను, తిండి సంగతి. ద్రాక్షపళ్ళూ, కిస్‌మిస్సూ కుక్క మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి, పరమాన్నం గిన్నె నాకనివ్వకండి. ఉల్లీ వెల్లుల్లీ రక్తకణాల్ని పాడుచేస్తాయి, అంచేత సాంబారన్నం వద్దు. చాక్లెట్టూ, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో వేసే జైలిటాలూ విషమే. పెరుగన్నం కొంచెం పెడితే చాలా కుక్కలకి పరవాలేదు. జూలై నాలుగున, దీపావళినాడూ టపాకాయల వేళకి తలుపులు వేసి, లోపలి గదిలో రేడియో పెట్టి ఉంచండి. మెడపట్టీకి మీ ఫోన్ నంబరున్న బిళ్ళ ఉందో లేదో ఆ ఉదయమే చూసుకోండి. సెలవు.