స్క్రీన్ రీడరుకు అనువైన తెలుగు పత్రాలు

స్క్రీన్ రీడరు అనగా కంప్యూటరు తెరపైనున్న పాఠ్యాన్ని కృత్రిమ స్వరంతో చదివి వినిపించే సాఫ్టువేరు. దృష్టిలోపం గలవారు దీని సహాయంతో ఇతరులపై ఆధారపడకుండా చదువుకొనగలరు. అయితే ఇది అక్షరాల ఆకారాన్ని చూడదు. ఫైలులో నిలువయున్న సంకేతాలను మాత్రమే చదువుతుంది. కనుక కాగితంపై చక్కగా అచ్చయ్యే పత్రం సైతం వినేవారికి అర్థం కాకపోవచ్చు.

స్క్రీన్ రీడర్లు
వాణిజ్యపరమైన వాటిలో జాస్ ప్రసిద్ధమైనది. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ 2006లో ప్రారంభించిన ఎన్‌వీడీఏ ఉచితంగా లభిస్తుంది. దీనితోపాటు వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ తెలుగును కూడా పలుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ ఇదే పని చేస్తుంది.

తెలుగు ఫాంటుల సమస్య
అను వంటి పాత డీటీపీ ఫాంటులలో తెలుగు అక్షరాల ఆకారాలను ఆంగ్లాక్షరాలకు, ఇతర చిహ్నాలకు కేటాయించిన సంకేతస్థానాలలో అమర్చారు. అందువలన తెరపై తెలుగు కనిపించినా, స్క్రీన్ రీడరు అర్థంలేని ఆంగ్లాక్షరాలను చదువుతుంది. 1991లో వెలువడిన యూనీకోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు గల ప్రత్యేక విభాగం ఉంది. ఇందులో "క" సంకేతసంఖ్య 3093. "కూచిపూడి" అనే మాట నాలుగు హల్లులు, నాలుగు గుణింతపు గుర్తులు కలిసి ఎనిమిది సంకేతాలుగా నిలువ ఉంటుంది. ఫాంటు మార్చినా ఈ సంకేతాలు మారవు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో తెలుగు యూనీకోడ్‌కు వీలు కల్పించింది.

పాత ఫాంటులలోని పాఠ్యాన్ని యూనీకోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. మార్చిన పిమ్మట ఒత్తులు, దీర్ఘాలు, సున్నలు సరిచూడవలెను. స్కాన్ చేసిన పుట కేవలం బొమ్మ. అక్షరాలను గుర్తించే ఓసీఆర్ సాధనంతో దానిని పాఠ్యంగా మార్చిన తరువాతనే చదివించుటకు వీలగును.

పత్రం కూర్పు
* శీర్షికలు: అక్షరాలను పెద్దవిగా, బొద్దుగా చేసినంత మాత్రాన శీర్షిక కాదు. "హెడింగ్" శైలిని ఎంచుకొనవలెను. ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో హెచ్ మీట నొక్కి ఒక శీర్షిక నుండి మరొకదానికి వెళ్ళవచ్చు.
* జాబితాలు: అంకెలను చేతితో టైపు చేయక జాబితా సదుపాయాన్ని వాడవలెను.
* పట్టికలు: స్పేస్ మీటతో వరుసలు పేర్చరాదు. నిజమైన పట్టికను చొప్పించి, మొదటి అడ్డువరుసను శీర్షికగా గుర్తించవలెను. గడులను కలపరాదు.
* బొమ్మలు: ప్రతి బొమ్మకు "ఆల్ట్ టెక్స్ట్" అనే వివరణ వ్రాయవలెను.
* భాష: పాఠ్యపు భాషను తెలుగుగా నిర్దేశిస్తే తగిన స్వరం ఎంపికకు తోడ్పడుతుంది.
* రంగులు: "ఎర్రరంగులోనివి ముఖ్యం" వంటి సూచనలు చాలవు; ముఖ్యమైనదని మాటల్లో చెప్పవలెను.

ఉదాహరణ: నాట్యపాఠం
కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని కూచిపూడి నాట్యానికి ప్రసిద్ధి. సిద్ధేంద్రయోగి రచించిన భామాకలాపంపై విద్యార్థులకు పాఠం తయారుచేసేటప్పుడు గ్రంథం పేరును మొదటి స్థాయి శీర్షికగాను, ఒక్కొక్క దరువును రెండవ స్థాయి శీర్షికగాను ఉంచవచ్చు. అప్పుడు విద్యార్థి కోరిన దరువును క్షణంలో చేరుకొంటాడు. ఆదితాళంలోని లఘువు 4, ద్రుతం 2, ద్రుతం 2 అనే అక్షరాల లెక్కను పట్టికలో పెడితే ఏ సంఖ్య దేనిదో తెలుస్తుంది. పతాక హస్తం చిత్రానికి "చేతి బొమ్మ" అని వ్రాస్తే ప్రయోజనం లేదు. "నాలుగు వేళ్ళు చాచి దగ్గరగా చేర్చి, బొటనవేలు వంచిన చేయి" అని వ్రాస్తే విన్న విద్యార్థి తన చేతితో ఆ ముద్రను పట్టగలడు.

పరీక్షించుట
మైక్రోసాఫ్ట్ వర్డ్‌లోని "చెక్ యాక్సెసిబిలిటీ" కొన్ని లోపాలను చూపుతుంది. వివరణ ఉన్నదో లేదో అది చెప్పగలదు గాని, ఆ వివరణ సరైనదో కాదో చెప్పలేదు. తెర ఆపివేసి ఎన్‌వీడీఏతో పత్రాన్ని ఒకసారి వినుట ఉత్తమం. పీడీఎఫ్‌గా మార్చునపుడు "ప్రింట్" ద్వారా గాక, నిర్మాణ ట్యాగులతో "సేవ్ యాజ్" చేయవలెను. లేనిచో శీర్షికల గుర్తులు పోవచ్చు.

చట్టాలు
2012లో సవరించిన భారత కాపీరైటు చట్టం, వికలాంగులు చదువుకొనుటకు వీలైన రూపంలోకి రచనలను మార్చుటకు నిబంధనలకు లోబడి అనుమతిస్తుంది. దృష్టిలోపం గలవారికి పుస్తకాలు అందించుటకై 2013లో కుదిరిన మరకేష్ ఒప్పందాన్ని ధ్రువీకరించిన మొదటి దేశం భారతదేశం (2014). దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 సమాచారం అందరికీ అందుబాటు రూపంలో ఉండవలెనని నిర్దేశిస్తుంది.

ఇవి కూడా చూడండి
* యూనీకోడ్
* బ్రెయిలీ లిపి
* తెలుగు లిపి
* కూచిపూడి (నృత్యము)