చంద్రి ముందా, జెండా ముందా?

తాండూరు చుట్టుపక్కల తండాలు ఎరిగినవాళ్లకు ‘మా భూమి’ సినిమాలోని చంద్రి పరాయి పిల్ల కాదు. లంబాడా ఇంటి బిడ్డ, కథానాయకుడు రామయ్య మనసుపడ్డ పిల్ల. దొర కన్నుపడితే తప్పించుకునే దారి లేని పిల్ల కూడా. ఈ సినిమాకు నేపథ్యం 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం; దానికి ఆయువుపట్టు నల్లగొండ, వరంగల్, ఖమ్మం పల్లెలు. తాండూరు ఉన్న వికారాబాద్ వైపు చరిత్ర వేరు. వికారాబాద్‌కు ఆ పేరొచ్చిందే నిజాం కొలువులోని పాయిగా అమీరు వికారుల్ ఉమ్రా వల్ల. అయినా గడీ, వెట్టి అంటే ఏమిటో ఇక్కడ ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇది ఎర్రజెండా సినిమా అని పక్కనపెట్టేవాళ్లున్నారు. ఆ జెండా కోసమే నెత్తిన పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ చంద్రి కనబడలేదేమో అనిపిస్తుంది నాకు.

కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ దీనికి ఆధారం. నవలలో నాయకుడు రాఘవరావు ఉరికి ముందు రాత్రి తన బతుకంతా తలచుకుంటాడు. అంటే మొదటినుంచీ అతడు మనకు అమరవీరుడే. 1979లో ఈ సినిమా తీసిన గౌతమ్ ఘోష్, నిర్మాత బి. నర్సింగరావు ఆ దారిన పోలేదు. రామయ్యను పసితనం నుంచి చూపించారు. ఘోష్ బెంగాలీ, ఇది ఆయన మొదటి కథాచిత్రం; అయినా తెరమీద తెలంగాణ యాస, పొలం, గుడిసె ఎక్కడా అతికించినట్టు ఉండవు.

చంద్రి దొరకు లొంగక తప్పలేదని తెలిశాక రామయ్య ఏం చేస్తాడు? ఊరు విడిచి పోతాడు. అంతే. నినాదం కోసం రాసిన కథైతే అక్కడే పిడికిలి బిగించేది. ఇరవై ఏళ్లు నిండని పిల్లగాడికి ముందు వచ్చేది సిద్ధాంతం కాదు, కడుపులో మంట, తలదించుకుని నడక. ఆ నడకే ఈ సినిమాకు ప్రాణం.

రామయ్య హైదరాబాద్ చేరాక కార్మిక సంఘం మనిషి మక్బూల్ మాటలతో కథ కాసేపు ఆగి పాఠం మొదలవుతుంది. అది లోపమే, అభిమానంతో కప్పిపుచ్చను. కానీ గద్దర్ గొంతులో బండి యాదగిరి రాసిన పాట వినబడగానే మళ్లీ ఊరు మాట్లాడుతుంది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత, పారిపోయిన దొర గాంధీ టోపీతో తిరిగొస్తాడు. వంద ఉపన్యాసాలు చెప్పలేని రాజకీయం ఆ టోపీ చెప్పింది.

నా తీర్పు ఇది: ‘మా భూమి’లో చంద్రే ముందు, జెండా ఆమె వెనకాల వచ్చింది. ఇంట్లో వెట్టి కాలం ఎరిగిన పెద్దలెవరైనా ఇంకా ఉంటే, ఈసారి వాళ్ల పక్కన కూర్చుని ఈ సినిమా చూడండి.