గ్రూపు మార్చుకోవాలంటే ఎంత దూరం?

పెళ్ళి సంబంధం కుదిరాక మనసు మార్చుకున్నా లోకం నాలుగు రోజులు చెప్పుకుని ఊరుకుంటుందేమో గానీ, కాలేజీలో చేరాక గ్రూపు మార్చుకుంటానంటే మాత్రం ఊరుకోదు. "ఆ తెలివి చేరేటప్పుడేమయింది?" అంటుంది. "ఏడాది దండగ" అంటుంది. ఇక ఒక డిగ్రీ చదువుతూ ఉండగానే రెండోది కూడా చదువుతానన్న ఆడపిల్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. "ఉన్న చదువుకే మొగుణ్ణి వెతకలేక చస్తున్నాం, దానికి తోడు ఇంకొకటా?" అని తేల్చేస్తుంది.

ఆ మాటలనేవాళ్ళంతా చెడ్డవాళ్ళు కారు. వాళ్ళ భయానికో చరిత్ర ఉంది. మా హిందూపురం వైపు ఆ చరిత్రని రైలు టిక్కెట్ల లెక్కన చెప్పొచ్చు. ఎందుకంటే మాకు చాలాకాలం చదువు మారడమంటే ఊరు మారడమే.

బెంగుళూరు నుంచి గుంతకల్లు వైపు పోయే రైలెక్కితే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వరసగా వస్తాయి. ఆ తరువాత అనంతపురం. హిందూపురంలో నిలబడి చూస్తే ఇటు బెంగుళూరూ, అటు అనంతపురమూ ఇంచుమించు ఒకే దూరం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బజారులో వినబడేది సగం కన్నడం. ఇలాంటి చోట పుట్టిన పిల్ల ఏ విశ్వవిద్యాలయం వైపు చూడాలి?

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టింది. దాన్ని లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో పెట్టారు. అంటే మొదట్లో అది పాఠాలు చెప్పేది కాదు, పరీక్షలు పెట్టి పట్టాలిచ్చేది. పాఠాలు చెప్పే పని కాలేజీలది. మీ ఊరికి దగ్గర్లో ఉన్న కాలేజీలో ఏ సబ్జెక్టుకు మేష్టారుంటే అదే మీ సబ్జెక్టు. ఇంట్లో వంకాయలుంటే వంకాయ కూర, లేకపోతే చారన్నం అన్నట్టన్న మాట. అదే రోజుల్లో అమెరికాలో, 1869లో హార్వర్డుకు అధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్ విద్యార్థులు తమ పాఠాలు తామే ఎంచుకునే పద్ధతిని బాగా పెంచాడు. మనకొచ్చింది లండన్ గాలి, హార్వర్డు గాలి కాదు.

సబ్జెక్టు ఎంచుకోవడమన్నది మన పెద్దవాళ్ళకు ఎంత కాకతాళీయమో చూడండి. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తత్వశాస్త్రం తీసుకున్నది ఏ జ్ఞానోదయమో అయి కాదు. అదే చదువు ముగించిన దాయాది అన్న ఒకాయన తన పుస్తకాలు ఇచ్చేశాడు. కొనడానికి డబ్బు లేని కుర్రవాడికి పుస్తకాలున్న సబ్జెక్టే మంచి సబ్జెక్టు! ఆ పుస్తకాలు గణితానివైతే మన దేశానికి రెండో రాష్ట్రపతి ఎవరయ్యేవారో. ఆ రాధాకృష్ణన్ గారే కొంతకాలం అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పారు.

ఆ కాలేజీ 1916లో వచ్చింది. అప్పుడు దాని పేరు సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ. ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ అదే. అదే 1916లో దక్షిణాన మైసూరు విశ్వవిద్యాలయమూ మొదలయింది. మా జిల్లాలోనే పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు మైసూరు దారి పట్టారు. అక్కడ మహారాజా కాలేజీలో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పారు. జీతమిచ్చింది సాహిత్యం, ప్రాణమిచ్చింది సంగీతం. తరువాత తిరుపతిలో అన్నమయ్య కీర్తనలకు స్వరాలు కూర్చారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదిచ్చింది. రెండు విద్యలు ఒక మనిషిలో ఇమడవనేవాళ్ళకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. అయితే ఒకటి గమనించండి. రెండో విద్యకు ఆయన ఏ ఆఫీసులోనూ అర్జీ పెట్టుకోలేదు. గురువును వెతుక్కున్నారు.

పెనుకొండ కుర్రవాడి కథ ఇంకా చిత్రం. విజయనగరం పాడుపడిన తరువాత, 1565 యుద్ధం ముగిశాక, రాజధాని పెనుకొండకు మారింది. కొన్నాళ్ళకు అక్కణ్ణుంచి చంద్రగిరికి పోయింది. రాజులు వెళ్ళిపోగా మిగిలిన ఆ శిథిలాల మధ్య పుట్టపర్తి నారాయణాచార్యులు గారు పెరిగారు. పుట్టింది 1914లో. ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నారనుకున్నారు? పెనుకొండ సబ్ కలెక్టరు పిట్ దొర భార్య దగ్గర. సంగీతం, నాట్యం కూడా ఆ ఊళ్ళోనే అబ్బాయి. సంస్కృతానికి తిరుపతి వెళ్ళారు. పసితనంలోనే పెనుకొండ పాడుబడ్డ వైనం చూసి 'పెనుగొండలక్ష్మి' అనే కావ్యం రాశారు. పెద్దయ్యాక విద్వాన్ పరీక్షకు కడితే, తీరా చూస్తే పాఠ్యగ్రంథం తన కావ్యమే! తను రాసినదాని మీద తనే పరీక్ష రాయవలసి వచ్చింది. పరీక్షకూ విద్యకూ ఉన్న చుట్టరికం ఎంతటిదో ఈ ఒక్క సంగతి చాలదూ?

పద్నాలుగు భాషల పండితుడని పేరుపడ్డ ఆయనకు విద్వాన్ పరీక్షతో పనేమిటంటే, ఉద్యోగానికి పట్టా కావాలి. విద్య గురువుల దగ్గర దొరుకుతుంది, పట్టా విశ్వవిద్యాలయం దగ్గరే దొరుకుతుంది. అందుకే మన పండితులు చాలామంది విద్వాన్, భాషాప్రవీణ వంటివి ముందు పాసై, ఆ తరువాత ఇంగ్లీషు పరీక్ష కట్టి, మెల్లగా బి.ఎ., ఎం.ఎ. అనిపించుకున్నారు. పంజాబులోనూ ఇదే పద్ధతి ఉండేది. అలా వచ్చిన డిగ్రీని వాళ్ళు నవ్వుతాలుగా 'వయా భటిండా' అనేవారు. భటిండా పెద్ద రైల్వే జంక్షను. తిన్నటి దారిలో కాక చుట్టు తిరిగి ఊరు చేరడమని ఎత్తిపొడుపు. మన దగ్గర ఆ మాట పుట్టి ఉంటే తప్పకుండా 'వయా ధర్మవరం' అయి ఉండేది.

చుట్టుదారైనా మగవాళ్ళకు దారంటూ ఉంది. రాళ్ళపల్లి వారు మైసూరు వెళ్ళారు, పుట్టపర్తి వారు తిరుపతి వెళ్ళారు. ఆ రోజుల్లో పెనుకొండ ఆడపిల్ల సంస్కృతం చదువుతానని ఒంటరిగా తిరుపతి రైలెక్కగలదా? ఆమెకు దూరమే గ్రూపు. ఉన్న ఊళ్ళో ఏది ఉంటే అది చదవాలి, లేకపోతే మానెయ్యాలి.

ఈ దూరం గురించి మా పెద్దలు గట్టిగానే అడిగారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. అది అనంతపురంలో ఉండాలని సీమవాసులు కోరుకుంటే చివరికి వాల్తేరులో స్థిరపడింది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. సంతకాలు చేసినవాళ్ళలో మా హిందూపురం ప్రాంతం మనిషి కల్లూరు సుబ్బారావు గారున్నారు. శ్రీబాగ్ అనగానే అందరికీ రాజధాని, హైకోర్టు, నీళ్ళు గుర్తొస్తాయి. వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలన్న మాట కూడా ఆ కాగితంలో ఉందని ఎందరికి గుర్తు?

ఆ మాట నెరవేరడానికి ఎన్నేళ్ళు పట్టిందో లెక్క చూడండి. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 1968లో దాని పోస్టుగ్రాడ్యుయేట్ కేంద్రం అనంతపురంలో పెట్టారు. 1981లో అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమయింది. ఒడంబడిక నాటికి పుట్టిన ఆడపిల్ల అప్పటికి నలభై నాలుగేళ్ళ అమ్మమ్మ అయి ఉంటుంది!

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పుకోవాలి. 1968లోనే అనంతపురంలో శ్రీ సత్యసాయి మహిళా కళాశాల వచ్చింది. 1983లో తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. అయితే పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఇల్లు కదలలేని వాళ్ళ తలుపు తట్టింది పోస్టుమాను. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కరస్పాండెన్సు కోర్సులు మొదలుపెట్టింది. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో అదే మొట్టమొదటిది. పద్దెనిమిదేళ్ళు నిండి అర్హత పరీక్ష పాసైతే చాలు, స్కూలు మెట్లు ఎక్కకపోయినా డిగ్రీలో చేరనిచ్చారు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. పప్పు పొయ్యి మీద పెట్టి పాఠం తిరగేసిన ఇల్లాళ్ళు ఎందరో! వాళ్ళలో చాలామందికి అది మొదటి డిగ్రీ కాదు, మనసుకు నచ్చిన డిగ్రీ.

ఇంత జరిగినా ఒక గోడ మాత్రం కదల్లేదు. ఒకేసారి రెండు డిగ్రీలు కుదరవు. దానికి కాపలాదారు టి.సి. అనే చిన్న కాగితం. అసలు కాగితం ఒకటే, అది ఒక కాలేజీ బీరువాలో ఉంటే ఇంకో కాలేజీలో చేరడమెలా? గ్రూపు మార్పు కూడా అంతే. సీటు ఖాళీ ఉండాలి, గడువు దాటకూడదు, ఇంటర్లో తగిన సబ్జెక్టులుండాలి. పైగా అది ఒంటివైపు వాకిలి. సైన్సు చదివినవాళ్ళు ఆర్ట్సులోకి దిగొచ్చు. ఆర్ట్సు చదివిన నాబోటిది సైన్సులోకి ఎక్కాలంటే మెట్లే లేవు.

నాకు తెలిసిన ధర్మవరం అమ్మాయి ఒకతె ఉంది. తండ్రి పట్టుచీరలు నేస్తాడు. ఆమె బి.ఎస్సీ. కంప్యూటర్స్‌లో చేరింది. లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లో చీరల అంచులు చూసినప్పటి నుంచీ చరిత్ర చదవాలని పట్టుకుంది. గ్రూపు మార్చమని అర్జీ ఇస్తే కాలేజీలో గడువు దాటిందన్నారు. "అర్జీలో 'మార్పుకు కారణం' అని ఒక గీత గీసి ఉందక్కా. ఆ గీత మీద ఏం రాయను? మా నాయన నేసే అంచు ఎవురిదో తెలుసుకోవాలని రాస్తే నవ్వరా?" అని నన్నడిగింది.

మంచికాలం, ఆమె చదువు నాటికి రోజులు మారాయి. 2022 ఏప్రిల్లో రెండు సంగతులు జరిగాయి. నాలుగో తేదీన మా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కొత్తగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. పదమూడో తేదీన యు.జి.సి. మార్గదర్శకాలు వచ్చాయి. వాటి ప్రకారం తరగతుల వేళలు ఢీకొనకుంటే రెండు డిగ్రీలు రెండు చోట్ల కూర్చుని చదవొచ్చు. లేదా ఒకటి కాలేజీలో, ఒకటి దూరవిద్యలో. లేదా రెండూ దూరవిద్యలోనే. పిహెచ్.డి.కి ఇది వర్తించదు. అంతకుముందు చదివేసిన జోడు డిగ్రీలకూ వర్తించదని అప్పట్లో అన్నారు. దూరవిద్య సంస్థకు యు.జి.సి. గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. చేరబోయే విశ్వవిద్యాలయం ఈ పద్ధతిని ఒప్పుకుందో లేదో ముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవాలి. ఈ జాగ్రత్తలు పాటిస్తే టి.సి. కాగితం పాత కాపలా మానుకున్నట్టే.

ఆ అమ్మాయి బి.ఎస్సీ. వదలకుండానే దూరవిద్యలో బి.ఎ. చరిత్రకు కట్టింది. తండ్రి మొదట ఒప్పుకోలేదు.

"ఒక మగ్గం మీద రెండు చీరలు నేస్తారామ్మీ?" అన్నాడట.

"నేయరు నాయనా. కానీ చీరకు పడుగొకటి, పేకొకటి. ఒకటే దారంతో చీర అవుతుందా?" అందట.

ఆయన మారు మాట్లాడలేదట. ఫీజు మాత్రం రెండు విడతలుగా కట్టాడు. చీర అమ్ముడయ్యేదాకా ఆగాలి కదా మరి.

రెండు డిగ్రీలు చదివితే రెండు ఉద్యోగాలొస్తాయని నేననను. రెండింటి బరువు మోయలేక ఒకటి మధ్యలో వదిలేసేవాళ్ళూ ఉంటారు. ఇంటిపని కూడా నెత్తిన పెట్టుకున్న ఆడపిల్లకు అది మరీ కష్టం. కానీ కష్టమని ఆమె తేల్చుకోవడం వేరు, దండగని మనం ముందే తేల్చేయడం వేరు. మద్రాసు నుంచి తిరుపతికి, తిరుపతి నుంచి అనంతపురానికి, అక్కణ్ణుంచి మన ముంగిట్లోకి విశ్వవిద్యాలయం రావడానికి నూట యాభై ఏళ్ళ పైనే పట్టింది. అంత దూరం నడిచి వచ్చినదాన్ని గడప దగ్గర నిలబెట్టి వెనక్కి పంపుతామా?

రేపు మీ అమ్మాయి గ్రూపు మార్చుకుంటానంటూ కాగితం పట్టుకుని వస్తే, "ఫీజెంత?" అని అడిగేముందు "ఎందుకమ్మా?" అని అడిగి చూడండి. ఆ గీత మీద ఏం రాయాలో వాళ్ళకు చాలాసార్లు తెలిసే ఉంటుంది. రాస్తే మనం నవ్వుతామేమోనన్నదే వాళ్ళ భయం.