నవాహో కళాశాల: పాలన స్వాతంత్ర్యము

విద్యాలయమునకు ధనమిచ్చువారే దానిని పాలింపవలెనా యను ప్రశ్న క్రొత్తది కాదు. అమెరికాలోని నవాహోజాతి చరిత్రమున దీనికొక సమాధానము మనకు కానవచ్చుచున్నది.

1864లో అమెరికా సైన్యము వేలకొలది నవాహోలను స్వస్థలమునుండి నడిపించి న్యూమెక్సికోలో నిర్బంధించెను. 1868 నాటి సంధివలన వారు మరలి వచ్చిరి. ముప్పదిమంది పిల్లల కొక ఉపాధ్యాయుని చొప్పున ఇత్తుమని ప్రభుత్వ మా సంధిలో వాగ్దాన మొనర్చెను. కాని అది ఆంగ్లవిద్య. ధనముతోపాటు అధికారమును ప్రభుత్వముదే.

సరిగా నూరేండ్లకు, 1968లో, నవాహో జాతిమండలి స్వంత కళాశాలను స్థాపించెను. 1969లో అరిజోనాలోని మెనీ ఫారమ్స్ అను మారుమూల గ్రామమున, ప్రభుత్వ పాఠశాల గదులలోనే తరగతు లారంభమయ్యెను. అమెరికాలో ఆదివాసులు తమ భూమిపై తామే నెలకొల్పుకొన్న మొదటి కళాశాల యిదియే. పాలకమండలి నవాహోలది, నవాహోభాషయు చరిత్రమును పాఠ్యవిషయములయ్యెను. 1971లో అమెరికా కాంగ్రెసు ప్రత్యేకశాసనముచే నిధుల కనుమతించెను గాని, పాలనమును తన చేతికి తీసికొనలేదు.

అయినను ఈ స్వాతంత్ర్యము సంపూర్ణమని చెప్పజాలము. నిధులు ఏటేట కాంగ్రెసు మంజూరుపై నాధారపడును. ఏమి బోధింపవలెనో స్థానికులు నిర్ణయింతురు. ఎంత బోధింపగలరో దూరపు ఖజానా నిర్ణయించును.

1997లో కళాశాల 'దినే' అను పేరు ధరించెను. అది నవాహోలు తమ్ము తాము పిలుచుకొను పేరు. ఒకప్పుడు బడిలో వినబడని మాట నేడు కళాశాల ద్వారముపై నుండుట అల్పవిషయము కాదని మా యభిప్రాయము.