శంషాబాద్ దాకా పోతదా?

మే నెల సాయంత్రం. ధర్మారం దాటాం. కారులో మాటలు తగ్గిపోయాయి. అద్దాల అవతల నలభై మూడు డిగ్రీల ఎండ, ఇవతల సన్నగా ఏసీ. స్టీరింగ్ వెనక తెర మీద బ్యాటరీ 31 శాతం. కరీంనగర్‌లో ఛార్జర్ దగ్గర మాకంటే ముందు ఇంకో కారుంది. దాని వంతు అయ్యేదాకా నిలబడి, సగం నింపుకొని బయల్దేరాం. నా మిత్రుడు చెయ్యి చాచి ఏసీ ఆపాడు. రెండు నిమిషాల్లో అందరి మెడలూ తడిశాయి. "మా ఊరొచ్చేదాకా ఉడకబెడ్తవా?" అంది వెనక సీట్లోంచి వాళ్లావిడ. మళ్లీ వేశాడు.

పొలాల మీదుగా హైటెన్షన్ టవర్లు పోతున్నాయి. తూర్పున రామగుండం. ఎన్టీపీసీ పాత కేంద్రం ఒక్కటే 2,600 మెగావాట్లు, పక్కనే తెలంగాణ కోసం కట్టిన కొత్తది 1,600. ఈ దారికి దగ్గర్లోనే నంది మేడారం ఉంది. ఎల్లంపల్లి నుంచి సొరంగంలో వచ్చిన గోదావరి నీళ్లను పైకి తోడే మోటార్లు అక్కడ ఏడు, ఒక్కోటి 124 మెగావాట్లకు పైనే. అందులో ఒక్క మోటారు గంటసేపు నడవడానికి పట్టే కరెంటుతో మా కారులాంటివి నాలుగు వేలు నింపొచ్చు. అంత కరెంటు పక్కన పెట్టుకుని, చాలదేమోనని మేం ఏసీ ఆపుకుంటూ పోతున్నాం.

వెల్గటూర్‌లో మిత్రుడి అత్తగారింటి ముందు కారాగేసరికి 23 శాతం మిగిలింది. చప్పుడు లేకుండా వచ్చింది కాబట్టి ముందు బెదిరింది అరుగు కింద పడుకున్న కుక్క. తర్వాత పిల్లలు, వాళ్ల వెనక పెద్దలు. ట్రాక్టర్లు బాగుచేసే ఆయన బానెట్ ఎత్తించి తొంగిచూశాడు.

"ఆయిల్ మార్చుడు లేదు, ప్లగ్గులు లేవు, క్లచ్ లేదు. మరి చెడిపోతే ఎవలు జూస్తరు?"

"కరీంనగర్ తీస్కపోవాలె."

"తీస్కపోవుడు గాదు, గుంజుకపోవుడే" అన్నాడాయన. అందరూ నవ్వారు.

ఫుల్ చేస్తే ఎంత దూరం పోతుందని అడిగారు. కాగితం మీద 312 అని ఉంటుంది. మిత్రుడు నిజమే చెప్పాడు, ఏసీ వేసుకుని రెండు వందలని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు గోడకానుకుని నిలబడ్డ పెద్దమనిషి అడిగాడు: "అంటే శంషాబాద్ దాకా పోతదా?"

ధర్మపురి దాకానా, జగిత్యాల దాకానా అని ఎవరూ అడగలేదు. రోజూ తిరిగేది ఆ ఊళ్లకే అయినా అడిగింది మాత్రం శంషాబాద్ సంగతి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు ఏ వాడకెళ్లినా దుబాయిలోనో బహ్రెయిన్‌లోనో ఉన్న మనిషి దొరుకుతాడు. కారు అంటే ఇక్కడ ముందు గుర్తొచ్చేది అర్ధరాత్రి ఎయిర్‌పోర్టు కిరాయి. పోవడానికే 250 కిలోమీటర్ల పైమాట, రాను అంతే.

అన్నాలయ్యాక కారుకు తిండి పెట్టే పని. మంచం కింద నుంచి తీగ లాగి, ఏసీ కోసం పెట్టించిన పదిహేను ఆంపియర్ల సాకెట్‌లో గుచ్చారు. మామగారు పది నిమిషాలకోసారి వచ్చి ప్లగ్గు మీద వేలు ఆనిస్తున్నాడు. "కాలుతలేదు గని ఎచ్చగైంది అల్లుడా." రైతుకు ఈ లోడు అర్థం కానిదేమీ కాదు. మూడు కిలోవాట్ల చిల్లర అంటే రమారమి అయిదు హార్స్‌పవర్ల బాయి మోటారు రాత్రంతా నడిచినట్టు. ఆ మాట అనగానే పక్కింటాయన, "గట్లయితే బాయికాడ పెట్టుకోరాదూ, ఫిరీ గదా" అన్నాడు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు. ఆ కరెంటుతో కారు నడిపితే కేసవుతుంది. సలహా ఇచ్చినాయనకూ ఆ సంగతి తెలుసు.

అందరూ ఉండగానే ఖర్చు లెక్క తేలింది. ముప్పై యూనిట్లు, పై శ్లాబులో యూనిట్‌కు తొమ్మిది రూపాయలు వేసుకున్నా 270. అదే రెండు వందల కిలోమీటర్లకు పెట్రోలు కారు పన్నెండు లీటర్ల పైన తాగుతుంది, పదమూడు వందలు దాటుతుంది. మామగారు వేళ్ల మీద రెండోసారి లెక్కేశాడు. నాకు అనిపించేది, ఈ లెక్క తెలియక ఎవరూ ఆగడం లేదని.

రాత్రి తొమ్మిదిన్నర. మిత్రుడి బామ్మర్ది తన పాత డీజిల్ ఎర్టిగా తీశాడు. కిరాయి ఉంది, నేనూ ఎక్కాను. పక్క వాడలో ఇంటి ముందు లైటు. తాళ్లతో బిగించిన అట్టపెట్టెలు, వాటి మీద మార్కర్‌తో పేరు, ఫోన్ నంబరు. ఒకదాంట్లో తొక్కు సీసాలని వాసనే చెబుతోంది. పోయేవాడు ఒక్కడు, సాగనంపేవాళ్లు నలుగురు. తల్లి బండి అద్దం పట్టుకుని వదలడం లేదు. సామాను కారియర్ మీదికెక్కింది, మనుషులు ఒదిగి కూర్చున్నారు, బండి కదిలింది.

కరీంనగర్ దాటి రాజీవ్ రహదారి ఎక్కాక బామ్మర్ది నోరు విప్పాడు. కళ్లు రోడ్డు మీదే.

"ఏడుగురు, మీద సామాన్, ఏసీ, తొంభై స్పీడు. బావ కారు గిట్ల పోతే సిద్దిపేట దాటినంక ఏడనో ఆగాలె. ఆగితే గంట. మనకన్న ముందు ఇంకో బండుంటే రెండు గంటలు. ఈ పిలగాని ఫ్లైట్ నాలుగ్గంటలకు. ఫ్లైట్ తప్పితే టికెట్ పైసలు ఎవలిస్తరన్నా, నేనా? బ్యాటరీ ఇస్తదా?"

వెనక సీట్లో ఎవరూ నవ్వలేదు.

ఎదురుగా ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సు పోయింది. 2024 సెప్టెంబర్‌లో కరీంనగర్‌కు ఇలాంటివి 35 వచ్చాయి. సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండుకు తిరుగుతాయి. "మరి అవెట్ల నడుస్తున్నయ్?" అన్నాను. "వాళ్లకు డిపోల ఛార్జర్ పెట్టిండ్రు. పోయే తొవ్వ ఒక్కటే, టైమ్ ఒక్కటే. నన్ను రేపు మేడారం రమ్మంటరు, ఎల్లుండి తిరుపతి." ఎలక్ట్రిక్ బండ్ల మీద నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటి మాట తక్కువ.

ఎయిర్‌పోర్టులో దింపడం, కళ్లొత్తుకోవడం అయ్యాయి. తిరుగుదారిలో తెల్లవారుజామున ఫోన్ మోగింది. టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి బామ్మర్ది అన్న. అక్కడ సాయంత్రం, ఆఫీసు నుంచి వచ్చాడు. స్పీకర్‌లో పెట్టాడు.

"అమెరికల అందరు కరెంటు కార్లే కొంటున్నరంట గదా?" అన్నాన్నేను.

"ఎవలు జెప్పిండ్రన్నా? నాకే లేదు." వాళ్ల అపార్టుమెంటు పార్కింగ్‌లో ప్లగ్గు లేదట. సొంతిల్లు, గరాజ్ ఉన్న స్నేహితులు కొన్నారు. వాళ్లు రాత్రి గుచ్చి పొద్దున పీకుతారు, హాయిగా ఉన్నారు. "నాకు రోజూ ముప్పై మైళ్లు సుత దాటది. గని పిల్లలను దీస్కొని పియర్‌లాండ్ మీనాక్షి గుడికి పోవాలంటే రెండు వందల యాభై మైళ్లు పైన. ఆ రోజు తొవ్వల కూసోవాల్నా? 7,500 డాలర్ల రాయితీ ఉన్నప్పుడు ఆలోచన జేసిన. అది సుత పాయె."

ఆ రాయితీ 2025 సెప్టెంబర్ 30తో ఆగిపోయింది. 2024లో అమెరికాలో అమ్ముడైన ప్రతి వంద కొత్త కార్లలో ఎలక్ట్రిక్‌వి ఎనిమిది. మన దేశంలో రెండు, మూడు మధ్య. నార్వేలో ఎనభై తొమ్మిది. నార్వేవాళ్లు ధైర్యవంతులై కొనలేదు. అక్కడ ఏళ్ల తరబడి ఎలక్ట్రిక్ కారుకు పన్నులు ఎత్తేశారు, రహదారుల పొడవునా ఛార్జర్లు వేశారు. షికాగోలో 2024 జనవరి చలికి ఛార్జర్ల దగ్గర కార్లు బారులు తీరి నిలిచిపోయిన వార్త ఇర్వింగ్‌లోనూ చూశారు, వెల్గటూర్‌లోనూ చూశారు. ఒక్క వార్త వంద ప్రకటనలను తినేస్తుంది.

కొనడానికి వెనకాడే ఈ తీరును పట్నంలో 'రేంజ్ భయం' అంటారు. నేనొప్పుకోను. రోజుకు ముప్పై కిలోమీటర్లు తిరిగే మనిషి కూడా కారును ఆ ముప్పై కోసం కొనడు. ఏడాదిలో నాలుగుసార్లు వచ్చే అయిదు వందల కిలోమీటర్ల రోజు కోసం కొంటాడు. పది పన్నెండు లక్షలు పెట్టి, ఆ నాలుగు రోజులకు మళ్లీ కిరాయి బండి పిలవమంటే ఎవరు వింటారు? అదే స్కూటర్ సంగతి చూడండి. దాన్ని శంషాబాద్ తీసుకెళ్లాలని ఎవరూ అనుకోరు. అందుకే ఊళ్లలోకి ఎలక్ట్రిక్ స్కూటర్లు కార్లకంటే ఎంతో ముందే వచ్చేశాయి.

ప్రభుత్వాలు చేసింది తక్కువేమీ కాదు, చేసిన చోటే తేడా ఉంది. 2024 నవంబర్ 18 నుంచి తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా లేవు. పది లక్షలు దాటిన పెట్రోలు కారు మీద లక్షన్నర పైన పడే పన్ను అది. కేంద్రం జీఎస్టీ 5 శాతమే వేస్తోంది. కానీ 2025 సెప్టెంబర్ 22న చిన్న పెట్రోలు కార్ల జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది, అంతరం మళ్లీ తగ్గింది. కేంద్ర పథకం పీఎం ఈ-డ్రైవ్‌లో సొంత కార్లకు రాయితీ లేదు. ఛార్జర్లకు మాత్రం 2,000 కోట్లు కేటాయించారు. వెల్గటూర్ లాంటి చోట పని చేసేది ఆ డబ్బే. ధర దిగినా శంషాబాద్ దగ్గరకు రాదు కదా.

నా తీర్పు ఇది. రోజూ జగిత్యాలకో ధర్మపురికో వెళ్లొచ్చే టీచరు, ఇంట్లో సాకెట్ ఉంటే, ఇవాళే కొనొచ్చు. కిరాయి బండి నడిపేవాడిని మాత్రం ఇప్పుడే కొనమని నేను చెప్పను.

2027లో గోదావరి పుష్కరాలు. ధర్మపురి నరసింహస్వామి దగ్గరికి, కోటిలింగాల రేవుకు వేల బండ్లు వస్తాయి. ఘాట్లకు, రోడ్లకు ఎలాగూ డబ్బిస్తారు. ఆ పద్దులోనే ధర్మపురి పార్కింగ్‌లో, రాయపట్నం కూడలిలో, సిద్దిపేట దగ్గర హైవే మీద వేగంగా నింపే ఛార్జర్లు నాలుగేసి పెట్టమని అడగాలి. రవాణా మంత్రి పొన్నం ప్రభాకర్ కరీంనగర్ మాజీ ఎంపీయే, ఈ తొవ్వ ఆయనకు కొత్త కాదు. ఇప్పటి ఉత్తర్వు ప్రకారం రోడ్డు ట్యాక్సు మినహాయింపు 2026 డిసెంబర్ 31తో ముగుస్తుంది. పుష్కరాలు వచ్చేది ఆ తర్వాత.