కారు స్పీడ్ సెన్సార్ పాడైందా? మార్చే ముందు పరీక్షించండి

వ్యవసాయాధికారి కారు రిపేరు గురించి రాయడమేమిటని అనుకోవచ్చు. ఎరువులు ఇంటికి రావాలన్నా, మిర్చి బేరానికి గుంటూరు యార్డుకు వెళ్లాలన్నా ఇప్పుడు చాలామంది రైతులకు సొంత కారో, పికప్పో ఆధారం. అందుకే ఈ సమాచారం.

డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఏబీఎస్ లైటు ఆరకపోయినా, బండి నడుస్తుండగానే స్పీడోమీటరు ముల్లు సున్నాకు పడిపోయినా, మెల్లగా ఆపేటప్పుడు బ్రేక్ పెడల్ కాలి కింద గడగడ కొట్టుకున్నా స్పీడ్ సెన్సార్‌ను అనుమానించాలి. అనుమానించమన్నానే గాని, వెంటనే మార్చమనలేదు. వైరు తెగినా, బురద పట్టినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. పరీక్షించకుండా కొత్త సెన్సార్ వేయించుకుని, లైటు మళ్లీ వెలిగితే డబ్బు దండగే.

పసుపు లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు పనిచేస్తాయి. అయితే గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుని బండి జారవచ్చు. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్‌లో, గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే నల్లమల దారిలో, ముఖ్యంగా వానలో, ఇది ప్రమాదం. దాంతోపాటు ఎర్ర బ్రేక్ లైటు కూడా వెలిగితే బండి కదిలించవద్దు.

2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. ఈ కార్లలో సాధారణంగా ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సార్ ఉంటుంది. ముందు చక్రాలకైతే డిస్కు వెనుక, వెనుక చక్రాలకైతే డ్రమ్ము వెనుక రేకు దగ్గర వేలెడంత ప్లాస్టిక్ ముక్క, దానికో వైరు కనిపిస్తాయి. పాత బండ్లలో స్పీడోమీటరుకు వేరే సెన్సార్ గేర్‌బాక్స్ మీద ఉంటుంది. స్కానర్‌లో పి 0500 కోడ్ వస్తే ముందు దాన్ని చూడాలి.

ఏ చక్రమో తేల్చుకోవడానికి స్కానర్‌ను మించింది లేదు. మెకానిక్‌ను కోడ్ ఒక్కటే చదివి ఊరుకోవద్దనండి. తిన్నని రోడ్డు మీద 20 కిలోమీటర్ల వేగంతో నడుపుతూ నాలుగు చక్రాల వేగం పక్కపక్కన చూడమనండి. ఒకటి సున్నా చూపినా, ఉండుండి పడిపోయినా తప్పు అక్కడే. నాలుగు టైర్లూ ఒకే సైజువి కాకపోయినా తేడా వస్తుందని మరవద్దు.

తర్వాత కంటితో చూడాలి. సమంగా ఉన్న నేల మీద మిగతా చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీతో లేపి, స్టాండు వేశాకే చెయ్యి పెట్టండి. నల్లరేగడి బురద ఎండి సెన్సార్ చుట్టూ గడ్డకట్టి ఉండవచ్చు. సెన్సార్ కొనకు అయస్కాంతం ఉంటే ఇనుప రజను అంటుకుంటుంది. గుడ్డతో తుడిస్తే చాలు. గడ్డివాము పక్కన నిలిపే బండికి ఎలుకలు వైరు కొరికి ఉంటాయి. స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పి, వైరు ఎక్కడైనా లాగుతోందా, ఒరుసుకుంటోందా చూడండి. కనెక్టర్‌లో పచ్చగా చిలుము పట్టిందేమో గమనించండి.

ఇక మల్టీమీటర్. ముందు తాళం ఆపి కనెక్టర్ విప్పాలి. పాత రకం, అంటే కాయిల్ ఉన్న రెండు వైర్ల సెన్సార్ అయితే సాధారణంగా 800 నుంచి 2,000 ఓముల వరకు చూపుతుంది. అవతలి వైపు సెన్సార్‌తో పోల్చి చూడటం మంచిది. మీటరు ఏసీ వోల్టుల్లో పెట్టి చక్రాన్ని చేత్తో తిప్పితే ఎంతో కొంత వోల్టేజీ రావాలి. వేగం పెంచితే అదీ పెరగాలి. కొత్త రకం ఎలక్ట్రానిక్ సెన్సార్‌కూ రెండు వైర్లే ఉంటాయి కాబట్టి పొరపడే వీలుంది. దాన్ని ఓముల్లో పరీక్షించవద్దు. ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. బండి వైపు కనెక్టర్‌లో తాళం తిప్పాక కరెంటు వస్తోందో లేదో చూడాలి. రాకపోతే లోపం వైరింగ్‌లోనో, ఏబీఎస్ యూనిట్‌లోనో ఉంటుంది, సెన్సార్ ఏం చేస్తుంది?

బేరింగ్ మార్చిన మర్నాడే లైటు వెలిగిందా? కొన్ని బేరింగులకు ఒక వైపు సీలులోనే అయస్కాంతపు రింగు ఉంటుంది. తిరగేసి బిగిస్తే సెన్సార్ ఎంత మంచిదైనా సిగ్నల్ రాదు. పళ్ల రింగు ఉన్న బండ్లలో అది పగిలిందేమో, తుప్పుతో ఉబ్బిందేమో చూడాలి. మెల్లగా వెళ్తున్నప్పుడు పెడల్ కొట్టుకోవడానికి తరచూ ఇదే కారణం.

రిపేరు అయ్యాక కోడ్ చెరిపించి, ఖాళీ రోడ్డు మీద కొద్ది దూరం నడిపి, నాలుగు చక్రాల వేగం మళ్లీ సమానంగా చూపుతున్నాకే మెకానిక్‌కు డబ్బు ఇవ్వండి. పాత సెన్సార్ అడిగి తీసుకోండి.