కౌంటరు కాజీపేటలో, లెక్క సికింద్రాబాద్‌లో

దూరాన ఉన్న సర్వర్‌లో నడిచే ప్రోగ్రాము మన ఎదుట ఉన్న ప్రింటరు చేత అచ్చు వేయించడం, స్కానరు మీద పెట్టిన వేలిముద్రను తీసుకోవడం వరంగల్‌లో ఇప్పుడు రోజూ జరిగేదే. దీని తొలి రూపాల్లో ఒకటి రైల్వే రిజర్వేషన్ కౌంటరు. కంప్యూటర్ రిజర్వేషన్ 1985లో ఢిల్లీలో మొదలైంది. రైల్వేకే చెందిన క్రిస్ సంస్థ తయారుచేసిన కన్సర్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో ముందుగా అమలైంది సికింద్రాబాద్‌లోనే. 1999కల్లా ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఒకదానితో ఒకటి కలిశాయి.

వరంగల్, కాజీపేట లాంటి స్టేషన్లలో గుమస్తా ముందు ఉండేది ఒట్టి టెర్మినల్. లెక్కంతా సికింద్రాబాద్‌దే. అద్దె టెలిఫోన్ లైను చివర మల్టీప్లెక్సరు, దానికి టెర్మినళ్లు, డాట్ మాట్రిక్స్ ప్రింటర్లు. వచ్చేవి వట్టి అక్షరాలు కాబట్టి టికెట్ అచ్చుకు చిక్కు ఉండేది కాదు. ఆ కాలపు వీటీ220 టెర్మినల్‌కు ప్రింటరు పోర్టు కూడా ఉంది. సర్వర్ ఒక సంకేతం పంపితే, ఆ తర్వాతి అక్షరాలు తెరను వదిలి నేరుగా ప్రింటరుకు పోయేవి. ఇంత సరళమైన ఏర్పాటు మళ్లీ రాలేదు.

విండోస్‌తో పరిస్థితి మారింది. ప్రతి పరికరానికీ డ్రైవరు కావాలి. ప్రోగ్రాము సర్వర్‌లో, పరికరం బల్ల మీద ఉంటే ఆ డ్రైవరు ఎక్కడ ఉండాలి? మైక్రోసాఫ్ట్ 1998 నాటి టెర్మినల్ సర్వర్ ప్రధానంగా తెరను, కీబోర్డును, మౌసును మాత్రమే దాటించింది. విండోస్ 2000తో ప్రింటరు, 2001లో ఎక్స్‌పీతో డిస్కులు, సీరియల్ పోర్టులు, స్మార్ట్‌కార్డులు ఆ దారి పట్టాయి. యూఎస్‌బీ సంకేతాలనే నెట్‌వర్క్ మీద పంపే యూఎస్‌బీ/ఐపీ 2014లో లైనక్స్ కెర్నల్‌లో చేరింది.

2011 నవంబరులో చిత్తూరులో మొదలై జిల్లాలన్నిటికీ పాకిన ప్రభుత్వ సేవల వ్యవస్థ మీసేవ బ్రౌజరులో నడుస్తుంది. బ్రౌజరేమో భద్రత కోసం వెబ్ పేజీని పరికరాల దగ్గరికి రానివ్వదు. యాక్టివ్‌ఎక్స్, జావా ఆప్లెట్లు అడ్డదారులుగా పనికొచ్చాయి గానీ, 2015లో క్రోమ్ పాత ప్లగిన్లను పూర్తిగా తీసేసింది. ఆధార్ సంస్థ 2017లో తెచ్చిన రిజిస్టర్డ్ డివైస్ నిబంధన ఈ సమస్యకు పనికొచ్చే మార్గం చూపింది. బ్రౌజరు ఉన్న కంప్యూటరులోనే ఒక చిన్న సర్వీసు 11100 నుంచి 11120 లోపు పోర్టులో ఎదురుచూస్తుంది. పేజీ దాన్నే అడుగుతుంది. వేలిముద్ర గుప్తలిపిలోకి మారాకే పేజీకి అందుతుంది, కాబట్టి మధ్యలో ఎవరూ చదవలేరు. ఈ నిబంధనకు ముందు సర్వర్‌కు కావలసింది పరికరం పంపే సమాచారమే. ఇప్పుడు పంపుతున్నది నిజంగా నమోదైన పరికరమేనా అన్నదీ తేలాలి.

రేషన్ దుకాణపు ఈపాస్ యంత్రంలో స్కానరు, ప్రింటరు, సిమ్ ఒకే పెట్టెలో ఒదిగాయి. సర్వర్లు కలవడంతో 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కార్డుదారులకు రెండో రాష్ట్రంలోనూ సరుకులు తీసుకునే వీలు కలిగింది. కానీ బీడీలు చుట్టి, పత్తి ఏరి గీతలు అరిగిన వేళ్లను స్కానరు పోల్చుకోలేదు. ఎంత పకడ్బందీ వ్యవస్థ అయినా ఆ మనిషిని ఉత్త సంచితో వెనక్కి పంపితే అది లోపమే. అందుకే ఐరిస్ కెమెరా, ఓటీపీ తోడయ్యాయి. తూకంలో కోత పడకుండా ఎలక్ట్రానిక్ కాటాను కూడా ఈపాస్‌కు కలుపుతున్నారు. కాటా చూపిన బరువే లెక్కలోకి ఎక్కుతుంది.